గుర్రప్పందేలను తక్షణం నిషేధించాలి

ఆంధ్రప్రదేశ్‌లో రేస్ కోర్సు లేదు. కాబట్టి రేస్ కోర్సులకి జనం ఎందుకు రావడం లేదన్న విషయం మీద ఎవరి పక్షమూ వహించకుండా మాట్లాడే అర్హత గోదావరి డెల్టా వాళ్లకే ఉంది. పందెం అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. గుర్రం అంటే ఏమీ తెలియదు. దేశంలో వేసిన చాలా కమిటీలకి ఈ రెండింటిలో ఒక్క అర్హత కూడా ఉండదు.

పరిస్థితి తీవ్రంగానే ఉంది. సింగపూర్‌లో 1842లో పుట్టిన టర్ఫ్ క్లబ్ 2024 అక్టోబరు 5న ఆఖరి రేసు నడిపి మూసేసింది. జనం పల్చబడ్డారు, ఆ స్థలం ఇళ్లకి కావాలి అన్నారు. మకావులో అదే ఏడాది ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఆ సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం మద్రాసు గిండీలో రేస్ క్లబ్ లీజు రద్దు చేసి గేటుకి సీలు వేసింది. 160 ఎకరాలు, 1945లో రాసుకున్న 99 ఏళ్ల లీజు, ఏడాదికి అద్దె 614 రూపాయలు. బకాయి 730 కోట్లు దాటిందని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఈ వార్త మా టీ కొట్టు దగ్గర పైకి చదివితే 730 కోట్ల దగ్గర ఒక్కడూ తలెత్తలేదు. అందరూ 614 దగ్గరే ఆగిపోయారు. "నూట అరవై ఎకరాలకి ఆరొందల పద్నాలుగేంటండీ! ఆ డబ్బుకి మా గట్టు మీద కొబ్బరిచెట్టు కూడా కౌలుకి రాదండి, ఆయ్" అన్నాడొక రైతు. గుర్రాల గురించి ఆ రోజు ఇంకెవరూ మాట్లాడలేదు.

జనం ఎందుకు తగ్గారని నిపుణుల్ని అడిగితే ఫోన్ వచ్చిందంటారు, టీవీలో లైవ్ వస్తుందంటారు, కుర్రాళ్లకి ఆసక్తి లేదంటారు. ఇవన్నీ నిజమే. సినిమా హాళ్ల గురించీ పెళ్లి భోజనాల గురించీ కూడా ఇవే నిజం. అసలు కారణం వేరే ఉంది, అది చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. గుర్రప్పందేనికి మర్యాద ఎక్కువైపోయింది.

మా చుట్టాల్లో రేసుల బాబాయి అని ఒకాయన ఉండేవాడు. భీమవరంలో సాయంత్రం సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి మద్రాసు. ఇంట్లో చెప్పే మాట మాత్రం వడపళని మురుగన్ దర్శనం. తిరిగొచ్చేటప్పుడు విభూతి పొట్లం ఒకటి, రేసు పుస్తకం ఒకటి పట్టుకొచ్చేవాడు. విభూతి పిన్ని చేతికి, పుస్తకం ధాన్యం గాదెలోకి. ఆ పుస్తకాన్ని నేను చూశాను. ప్రతి పేజీలోనూ పెన్సిలు గీతలు, చిన్న చిన్న సున్నాలు, ఒక పేరు చుట్టూ గుండ్రంగా గీసి పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు. ఆ గుర్రం ఎన్నోది వచ్చిందో పుస్తకంలో లేదు. ఆ వారమే అమ్మిన మెరక చేను దస్తావేజులో ఉంది.

ఒకసారి అడిగాను, "బాబాయ్, గెలిచిన గుర్రం ఏ రంగుది?" అని.

"రంగేంట్రా? నాలుగో నెంబరు" అన్నాడు.

అన్నేళ్లు మద్రాసు వెళ్లొచ్చిన మనిషి గుర్రాన్ని సరిగ్గా చూడలేదు. చూసే వీలూ లేదు. 1200 మీటర్ల రేసు నిమిషం పావుకి అయిపోతుంది. రేసుకీ రేసుకీ మధ్య అరగంట. రోజుకి ఎనిమిది రేసులంటే మొత్తం మీద గుర్రాలు పరిగెత్తేది పదీ పన్నెండు నిమిషాలు. మిగతా నాలుగు గంటలూ మనుషులే పరిగెత్తాలి, బుకీ దగ్గర్నుంచి క్లబ్బు వాళ్లే పందెం కట్టించుకునే టోట్ కిటికీకి, టోట్ దగ్గర్నుంచి టిప్స్ చెప్పేవాడి దగ్గరికి, అక్కణ్నుంచి అప్పిచ్చేవాడి దగ్గరికి. అంచేత రేస్ కోర్సు అనే సంస్థ పని గుర్రాల్ని పరిగెత్తించడమని అనుకోవడం పొరపాటు. దాని పని మా బాబాయిని ఒక పూట పిన్నికి కనపడకుండా ఉంచడం. ఆ పని అది ఏ మచ్చా లేకుండా చేసింది.

ఇక్కడ కాస్త చట్టం మాట్లాడుకోవాలి. 1974లో తమిళనాడు గుర్రప్పందేలని నిషేధిస్తూ చట్టం చేసింది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, గుర్రాలు ట్రాక్ మీద ఉన్నాయి. 22 ఏళ్లు కేసు అలా నడుస్తూనే ఉంది. ఏ ఆదివారం మూసేస్తారో తెలియని ఆ కాలమే మా బాబాయి స్వర్ణయుగం. 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యంతో కూడిన ఆట. బాబాయి ఆ పేపరు పట్టుకుని మొట్టమొదటిసారి పిన్ని ముందు తలెత్తి నిలబడ్డాడు. "చూశావా, సుప్రీంకోర్టే నైపుణ్యం అంది" అన్నాడు. పిన్ని పేపరు పూర్తిగా చదివి మడత పెట్టింది. "అయితే ఆ నైపుణ్యంతోనే వెళ్లి అమ్మిన నాలుగెకరాలూ కొనుక్కురండి" అంది.

ఆ తర్వాత ఆయన మద్రాసు వెళ్లడం తగ్గిపోయింది. భార్యకి చెప్పి వెళ్లే చోటుకి ఇంక రైలెందుకు?

మన రాష్ట్రంలో కూడా 1974 నాటి గేమింగ్ చట్టమే ఉంది. పందేలన్నిటినీ తప్పన్న ఆ చట్టం గుర్రాన్ని మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపు రాసినాయన ఎవరో గానీ గొప్ప దూరదృష్టి ఉన్నవాడు. రేసు జరిగే రోజునే కాయాలి, రేస్ కోర్సులో అందుకని కేటాయించిన ఆవరణలోనే కాయాలి అన్నాడు. అంటే మనిషి స్వయంగా రావాలి, ఎండలో నిలబడాలి, పోగొట్టుకున్నది తన కళ్లతో చూసుకోవాలి. జూదగాడి ఆరోగ్యం గురించి ఇంత ఆలోచించిన చట్టం ఇంకోటి కనిపించదు.

కానీ వచ్చినవాణ్ని నిలబెట్టుకోవడం రాలేదు. 2017లో జీఎస్టీ వచ్చింది, గుర్రానికి 28 శాతం వేశారు. క్లబ్బు కమీషన్ మీదా, పందెం మొత్తం మీదా అని కోర్టుల్లో కొన్నాళ్లు తగువు పడ్డారు. 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తం మీదేనని చట్టంలో గట్టిగా రాసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. కూల్‌డ్రింకులున్న శ్లాబు. అరేబియా వంశవృక్షం ఉన్న జంతువుని తీసుకొచ్చి గ్యాసు నీళ్ల పక్కన కట్టేశారు. ఇంత చేశాక కూడా ఎవడైనా గెలిస్తే, పదివేలు దాటిన గెలుపు మీద 30 శాతం అక్కడికక్కడే కోసుకుంటారు. అదే గేటు బయట నిలబడే బుకీ ఉన్నాడు చూశారా, అతనికి జీఎస్టీ నెంబరు లేదు, టీడీఎస్ తెలియదు, ఫోన్ చేస్తే చాలు, మనిషి కదలక్కర్లేదు. రేస్ క్లబ్బులు ఏళ్ల తరబడి ఇదే మొత్తుకుంటున్నాయి, పన్ను కట్టేవాడు మా దగ్గర ఓడిపోతున్నాడు, కట్టనివాడు బయట ఓడిపోతున్నాడు అని. ఓడిపోవడంలో తేడా లేనప్పుడు చవకైన చోటికే పోతారు. ఇందులో మటుకు నిజంగా నైపుణ్యం ఉంది.

క్రికెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గుర్రం అరగంటకో ఫలితం ఇస్తుంది. ట్వంటీ20 మ్యాచ్‌లో 240 బంతులు. బంతి బంతికీ పందెం. మంచం దిగకుండా, ఆవకాయ అన్నం కలుపుతూ ఎకరం పోగొట్టుకునే సౌకర్యం వచ్చాక సర్కారు ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ బెర్తు కోసం ఎవడు కొట్టుకుంటాడు? ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. బెట్టింగు మానేశానని ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. యాప్ పోయింది, లింక్ వచ్చింది అని మాత్రం ఇద్దరు ముగ్గురు చెప్పారు, అదీ గొంతు తగ్గించి, ఏదో ఉద్యమంలో ఉన్నవాళ్లలాగా.

ఇప్పుడు మా డెల్టాకి రండి. ఫోన్లు మాకూ ఉన్నాయి. టీవీలు రెండేసి ఉన్నాయి. అయినా సంక్రాంతి మూడు రోజులూ బరి చుట్టూ నిలబడడానికి చోటు దొరకదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కోడిపందెం నేరం. 1974 గేమింగ్ చట్టం ప్రకారం ఇంకో నేరం. కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి పోలీసులు ఊరూరా మీటింగులు పెడతారు, కత్తులు కట్టేవాళ్లని బైండోవర్ చేస్తారు, పందేలు చట్టరీత్యా నేరం అని ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీ కట్టిన చోటు చూసుకునే భోగి నాడు షామియానా వేసేవాళ్లు దారి చూపే బాణం గుర్తు పెడతారు. ఎల్‌ఈడీ తెరలు, ఫ్లడ్‌లైట్లు, వీఐపీ గ్యాలరీ, ఆ పక్కన గుండాట బల్లలు, బిర్యానీ. హైదరాబాదు నుంచి కార్లు, కార్లలో అల్లుళ్లు. ఇంత హంగు హైదరాబాదు మలక్‌పేట రేస్ కోర్సులో పెట్టాలంటే ఎన్ని సంతకాలు కావాలి! మా దగ్గర ఒక్క సంతకమూ అక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ పందేలు జరగడం లేదు.

పందెంలో ఉన్న శాస్త్రీయత కూడా చెప్పుకోవాలి. రేస్ కోర్సులో గుర్రం ఫామ్, జాకీ, బరువు, ట్రాక్ తడి అంటూ ఏవేవో చూస్తారు. మాకు కుక్కుట శాస్త్రం ఉంది. ఏ వారం, ఏ జాము, కాకి రంగు కోడి మీద డేగ రంగుది వదలాలా, డేగ మీద నెమలి రంగుది వదలాలా, మన కోడి భోజనావస్థలో ఉందా, గమనంలోనా, రాజ్యంలోనా, నిద్రలోనా, మరణంలోనా, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఇరువైపులా వాళ్లూ ఆ పుస్తకమే చూసి వస్తారు. ఒకడు ఓడిపోతాడు. శాస్త్రానికి మాత్రం ఇంతవరకూ ఓటమి లేదు.

మనిషి స్వయంగా రావడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని రేస్ క్లబ్బులు నోట్ చేసుకోవాలి. ఓడిన గుర్రం వల్ల ఎవడికీ ఏమీ మిగలదు, చింపి పారేసిన టికెట్టు తప్ప. ఓడిన కోడి కోజ అవుతుంది. నెలల తరబడి బాదంపప్పు, కైమా, ఉడకబెట్టిన గుడ్లు తిని చెరువులో ఈతలు కొట్టిన ఒళ్లు. ఆ మాంసానికి బరి దగ్గరే గిరాకీ, దూరాభారం చుట్టాలకి డబ్బాల్లో పెట్టి పంపేవాళ్లున్నారు. కాలికి కత్తి కట్టి, దారం బిగించి, ఇద్దరు మగాళ్లు ఎదురెదురుగా కూర్చుని ముక్కులు తగిలించి వదిలితే, ఒక్కోసారి ఊపిరి తీసి వదిలేలోపు అయిపోతుంది. ఆ నెత్తురు చూసి ముఖం తిప్పుకునే వాళ్లు కూడా కోజ కూర దగ్గర తిప్పుకోరు. (నేనూ కూర్చున్నాను ఆ పంక్తిలో. జంతుహింస గురించి ఆ పూట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.)

కనుక విషయం తేటతెల్లమే. నిషేధించిన కోడి దగ్గర జనసముద్రం. నిషేధించిన ఆన్‌లైన్ బెట్టింగు దగ్గర కుర్రకారు మొత్తం. సుప్రీంకోర్టు ఆమోదం, ప్రభుత్వ లైసెన్సు, జీఎస్టీ రశీదు, తాగడానికి చల్లటి నీళ్లు ఉన్న గుర్రం దగ్గర, వెళ్లొచ్చిన వాళ్లు చెప్పడం, తలనెరిసిన పెద్దమనుషులు కొందరు. వాళ్లు కూడా పెన్షన్ ఆఫీసుకి వచ్చినంత ప్రశాంతంగా కూర్చుంటారట.

ప్రభుత్వానికి మా విన్నపం ఇది. గుర్రప్పందేలను రాష్ట్రంలో సంపూర్ణంగా నిషేధించండి. రాష్ట్రంలో లేనిదాన్ని ఎలా నిషేధిస్తామని అధికారులు ఫైలు వెనక్కి పంపుతారు, ఒప్పుకోకండి. నిషేధిస్తే అదే వస్తుంది. ఎస్పీగారి చేత ప్రెస్ మీట్ పెట్టించండి. గుర్రాలు అద్దెకిచ్చేవాళ్లని బైండోవర్ చేయించండి, ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకి తిప్పేవాళ్లే ఉన్నారు, వాళ్లయినా చాలు. ఏటా మూడు రోజులు మాత్రం పోలీసులకి వేరే బందోబస్తు డ్యూటీ వెయ్యండి. ప్రజాప్రతినిధులు ప్రారంభోత్సవానికి రానక్కర్లేదు, సంప్రదాయాన్ని గౌరవించాలని ఓ మాట అంటే సరిపోతుంది, ఆ మాట వాళ్ల దగ్గర సిద్ధంగానే ఉంటుంది.

ఉన్న చిక్కల్లా స్థలం. సరైన ట్రాక్‌కి రెండు వేల మీటర్ల చదును నేల కావాలి. మా దగ్గర చదునుకి లోటు లేదు గానీ, అందులో సగం రొయ్యల చెరువు, మిగతా సగం చేపల చెరువు. మిగిలింది కాలవ గట్టు, దాని మీద గుర్రం పరిగెడితే మొదటి మలుపులోనే ఫలితం తేలిపోతుంది. చెరువుల వాళ్లతో మాట్లాడాను. రెండు పంటల మధ్య చెరువు ఎలాగూ ఎండగడతారు, అడుగు నెర్రెలిచ్చేదాకా ఆరితే గిట్టలు దిగబడవు, ఎకరానికి ఇంతని ముందే చేతిలో పెడితే చాలన్నారు. 614 రూపాయల మాట ఎత్తితే మాత్రం టీ కూడా ఇవ్వలేదు. కాబట్టి నిషేధం ఉత్తర్వు పుష్యమాసం దాకా నాన్చకుండా కార్తీకంలోనే ఇప్పించండి. నీళ్లు తోడించుకోవాలి.