సవరణ: సోషల్ మీడియా, కాలేజీ మార్కులు

'సోషల్ మీడియా వాడితే కాలేజీ విద్యార్థుల మార్కులు తగ్గుతాయి' అని ముందటి పోస్టులో ఉన్న వాక్యాన్ని ఇలా చదువుకోండి: 'ఎక్కువసేపు వాడేవారిలో మార్కులు కాస్త తక్కువగా కనిపించాయి.' ఈ రెండూ ఒకటి కావు. చదువు తలకెక్కక, ఆ టెన్షన్‌లో ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లూ ఉంటారు. వాళ్ల విషయంలో ఏది కారణం, ఏది ఫలితం?

పైగా ఎంతసేపు అన్నదొక్కటే చూస్తే చాలదు. అమెరికాలో రేనాల్ జుంకో 2012లో ప్రచురించిన ఫేస్‌బుక్ అధ్యయనంలో, స్టేటస్‌లు తరచూ పెట్టేవారి మార్కులు తక్కువగానూ, లింకులు పంచుకునేవారివి ఎక్కువగానూ ఉన్నాయి. పిల్లల్ని కోప్పడే ముందు ఈ తేడా గమనించాలని నా మనవి.

నోటిఫికేషన్లు చదువుకు అడ్డొస్తాయని ఆ పోస్టులో రాసింది మాత్రం మార్చలేదు. పేరా మధ్యలో ఫోన్ చూసి వస్తే, మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవాల్సిందే.