ఆ ‘సైకాలజీ పరీక్ష రహస్యాల’ మెసేజ్‌లో సైకాలజీ ఎంతుంది?

‘సైకాలజీ బయటపెట్టిన పరీక్ష రహస్యాలు, టీచర్లు మీకు చెప్పనివి’ అనే మెసేజ్ ఒకటి అమలాపురం నుంచి భీమవరం దాకా స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. నోట్స్ ఐదుసార్లు చదివితే జన్మలో మర్చిపోరట. చదివింది 10 శాతం, విన్నది 20, చూసింది 30, చేసింది 90 శాతం గుర్తుంటుందట. కంటితో నేర్చుకునేవాళ్లు, చెవితో నేర్చుకునేవాళ్లు అని మనుషులు రెండు రకాలట, ఎవరి రకాన్ని బట్టి వాళ్లు చదవాలట. బిట్స్‌లో మొదట తట్టిన జవాబు మార్చకూడదట. పరీక్ష ముందు రాత్రి నిద్ర మానుకుంటే అంతా తాజాగా ఉంటుందట. అందరి మార్కులూ నోటీసు బోర్డు మీద పెడితే కసి పుడుతుందట. అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకుంటే అన్ని మార్కులట. చివర్లో దండం పెట్టే బొమ్మ, ‘పదిమందికి పంపండి’.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. ఇంకెవరైనా పంపితే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ మొన్న మిడ్ మార్కులు ఇచ్చాక నా స్టూడెంట్సే, అదీ జ్ఞాపకశక్తి చాప్టర్ మీద పరీక్ష రాసి బయటికొచ్చినవాళ్లే, దీన్ని నాకు పంపి ‘సార్, ఇది ఫాలో అయితే సెమిస్టర్ గట్టెక్కుతామా అండి’ అని అడిగారు. అందుకని ఈ జవాబు. కాస్త పొడుగే, ఐదుసార్లు చదవక్కర్లేదు.

ముందు ఆ ఐదుసార్ల సంగతే చూద్దాం. మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే చదువుతున్నంతసేపూ ఇది పనిచేస్తున్నట్టే ఉంటుంది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. స్టూడెంట్స్‌కి ఒక చిన్న పాఠం ఇచ్చి ఒక గుంపు చేత నాలుగు విడతలూ చదివించారు. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ పాఠం పక్కన పెట్టేసి, గుర్తున్నది గుర్తున్నట్టు కాగితం మీద రాసింది. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే చదివిన గుంపుదే పైచేయి, వాళ్లకి 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 71. మెసేజ్ తయారుచేసినాయన ఇక్కడిదాకా చూసి లేచిపోయినట్టున్నాడు. వారం ఆగి పరీక్ష పెట్టినవాళ్లలో లెక్క తిరగబడింది: చదువుతూ పోయినవాళ్లకి 40, మూసేసి రాసుకున్నవాళ్లకి 61. నన్ను అడిగితే అసలు విషయం ఈ అంకెల్లో కూడా లేదు. ‘వారం తర్వాత మీకెంత గుర్తుంటుందనుకుంటున్నారు’ అని ముందే అడిగితే అందరికన్నా ధీమాగా చెప్పింది నాలుగుసార్లూ చదివినవాళ్లే. సినిమా రెండోసారి చూసేటప్పుడు ప్రతి డైలాగూ ముందే తెలిసినట్టుంటుంది, మధ్యలో ఆపి తర్వాతి డైలాగ్ చెప్పమంటే నోరు పెగలదు, ఇదీ అంతే. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. పరీక్ష హాల్లో కావాల్సింది రెండోది.

మొన్నటి మిడ్‌లోనే చూడండి. పావ్లోవ్ ప్రశ్న ఇచ్చాను, గంట కొట్టి మాంసపు పొడి పెడుతూ పోతే చివరికి గంట వినగానే కుక్కకి లాలాజలం ఊరే ఆ ప్రయోగం, అందరూ సంబరపడ్డారు. ఒకబ్బాయి నోట్స్ నేను చూశాను, నిబంధిత ఉద్దీపన (అలవాటయ్యాక పనిచేసేది, గంట) అన్నచోటల్లా పసుపు హైలైటర్, నిర్నిబంధిత ఉద్దీపన (సహజంగానే పనిచేసేది, మాంసపు పొడి) అన్నచోటల్లా గులాబీ, పేజీ చూస్తే పెళ్లిపందిరే. పేపర్లో మాత్రం గంటని నిర్నిబంధితం చేశాడు, మాంసపు పొడిని నిబంధితం చేశాడు, బాణాలన్నీ పొందిగ్గా తిరగేసి గీశాడు, లాలాజలం ఒక్కటే సరైన చోట ఉంది. ఆ అబ్బాయి చదవలేదని నేననను, చాలాసార్లే చదివాడు. నోట్స్ మూసి ఆ బొమ్మ ఒక్కసారి కూడా సొంతంగా గీసి చూసుకోలేదు, అంతే తేడా. 2013లో డన్‌లోస్కీ, ఆయన తోటివాళ్లు పది రకాల చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా ముందేసుకుని బేరీజు వేశారు. గీతలు గీయడం, హైలైటర్ పూయడం, మళ్లీ మళ్లీ చదవడం అట్టడుగున తేలాయి. తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, రోజుల తరబడి విడదీసి చదవడం పైన నిలిచాయి.

దీనికి ఖర్చేమీ లేదు. నరసాపురం వైపు నుంచి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి వచ్చే అమ్మాయి ఒకామె ఉంది మా దగ్గర. నోట్స్ బ్యాగులోంచి తీయదు. పంటు కదలగానే చిన్న పాకెట్ పుస్తకం తీసి నిన్నటి క్లాసులో గుర్తున్నది రాసుకుంటుంది, ఇంజిన్ అదురుకి అక్షరాలన్నీ వంకర్లు, సఖినేటిపల్లి రేవులో దిగి బస్సు కోసం నిలబడ్డాక అప్పుడు నోట్స్ తీసి ఎర్ర పెన్నుతో దిద్దుకుంటుంది. ఆ పుస్తకం నాకు చూపించింది, సగానికి సగం ఎరుపే. సిగ్గుపడుతూ చూపించింది గానీ, ఆ ఎరుపంతా పరీక్షలో పోవాల్సిన మార్కులు ముందే దొరికిపోవడం.

ఇక ఆ 10, 20, 30, 90 శాతాలు. ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1946లో బోధన గురించి రాసిన పుస్తకంలో అనుభవాల శంఖువు అని ఒక బొమ్మ వేశాడు. నేరుగా చేసి తెలుసుకోవడం అడుగున, మాటల ద్వారా తెలుసుకోవడం కొసన. ఆ బొమ్మలో ఒక్క అంకె కూడా లేదు. ఈ శాతాలు తర్వాత ఎవరో తగిలించినవి. అయినా మనుషుల మీద చేసిన ప్రయోగంలో ఇంత గుండ్రంగా, సున్నా తప్పకుండా అంకెలు వస్తాయా? ఏం చదివితే పది శాతం, ఎవరు చదివితే, ఎన్నాళ్ల తర్వాత అడిగితే? మీ సైకాలజీ రికార్డులో మీరే చేసిన ప్రయోగాల ఫలితాలు ఒక్కసారి తిరగేసుకుంటే ఈ అనుమానం మీకే వచ్చుండేది.

కంటి రకం, చెవి రకం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. మాకు ఇలా చదవడం ఇష్టం అని మనుషులకి ఉంటుంది, కాదనను. కానీ ఆ ఇష్టానికి తగ్గట్టు పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం లేదని పాష్లర్, మరో ముగ్గురు 2008లో ఆ పరిశోధనలన్నీ జల్లెడ పట్టి తేల్చారు. న్యూరాన్ నిర్మాణం బొమ్మ లేకుండా ఎవరికీ ఎక్కదు, పద్యం నడక చెవిన పడకుండా ఎవరికీ పట్టుబడదు. పద్ధతిని తేల్చేది పాఠం, మీ రకం కాదు. ‘సార్ నేను ఆడియో టైపండి, అందుకే నోట్స్ రాయను’ అన్నవాడికి నా జవాబు కూడా ఇదే.

మొదట తట్టిన జవాబు మార్చొద్దు అన్నది టీచర్ ఉద్యోగాల కోసం టెట్, డీఎస్సీ రాసేవాళ్లు జాగ్రత్తగా చదవాలి. మన జిల్లాల్లో సైకాలజీ ముట్టుకునేవాళ్లలో చాలామంది వాళ్లే మరి, టెట్‌లో 150 మార్కులకి 30 శిశు వికాసం, పెడగాజీవే (బోధనా పద్ధతులు). ఈ సలహా మా అయ్యవార్ల కాలం నుంచీ ఉంది, కోచింగ్ సెంటర్లలోనూ చెబుతారు. 2005లో క్రూగర్, విర్ట్జ్, మిల్లర్ అనేవాళ్లు ఇల్లినాయ్ యూనివర్సిటీలో దీన్ని పరీక్షించారు, అదీ ఎవరి పేపర్ల మీదనుకున్నారు, సైకాలజీ స్టూడెంట్ల మిడ్ పేపర్ల మీదే. 1561 పేపర్లలో రబ్బరుతో చెరిపి మార్చిన గుర్తులన్నీ వెతికారు. తప్పు నుంచి ఒప్పుకి మారినవి 51 శాతం, ఒప్పు నుంచి తప్పుకి మారినవి 25 శాతం, మిగతావి ఒక తప్పు నుంచి ఇంకో తప్పుకి. అంటే మార్చి బాగుపడ్డ జవాబులు మార్చి చెడ్డవాటికి రెట్టింపు.

మరి అందరూ ఎందుకు నమ్ముతారు? ఒప్పు పెట్టి, చేజేతులా మార్చి పోగొట్టుకున్న మార్కు కడుపులో దేవినట్టు ఉంటుంది, ఏళ్ల తరబడి గుర్తుంటుంది. మార్చినందువల్ల వచ్చిన మార్కు మాత్రం ఎవడికీ గుర్తుండదు, వచ్చేది వచ్చిందనుకుంటాడు. ఆ పరిశోధకులు చూపించిందీ ఇదే. అలాగని ఊరికే మనసు ఊగిసలాడితే మార్చేయమని కాదు. ప్రశ్నలో ‘కానిది’ అన్న మాట ఇప్పుడు కనబడిందా, ఇంకో బిట్ చదివితే దీని సంగతి గుర్తొచ్చిందా, అప్పుడు నిర్భయంగా మార్చండి. టెట్ ఇప్పుడు కంప్యూటర్ మీదే కాబట్టి మార్చడం తేలిక. బాల్‌పెన్‌తో ఓఎంఆర్ షీట్ దిద్దే పరీక్షల్లో మాత్రం సున్నా నింపకముందే ఆలోచించుకోవాలి.

రాత్రంతా మేలుకోవడం గురించి ఎక్కువ రాయను. జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లోనే, చదివాక పడుకున్నవాళ్లకన్నా మేలుకుని ఉన్నవాళ్లు ఎక్కువ మర్చిపోయారని చూపించారు. పాల్గొన్నది ఇద్దరే ఇద్దరు, కానీ ఆ తర్వాత వందేళ్లుగా నిద్ర మీద వచ్చిన పరిశోధన అదే దారిలో నడిచింది. రాత్రంతా దోమలు కొట్టుకుంటూ చదివి, పొద్దున్నే బస్సులో నిలబడి వచ్చి, హాల్లో మొదటి అరగంట ఆవలింతలు తీసేవాళ్లని ప్రతి సెమిస్టర్‌లోనూ చూస్తూనే ఉన్నాను.

బోర్డు మీద మార్కుల దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే ఇది మెసేజ్‌తో పోలేదు. ఒక తండ్రి ఫోన్ చేసి ‘మాస్టారూ, అందరివీ బోర్డు మీద ఎట్టేయండి, సిగ్గొచ్చైనా చదూతారు’ అన్నారు. క్లాసులో కూడా కొందరు ‘ఎక్సెల్ షీట్ గ్రూపులో పడేయండి సార్’ అంటున్నారు. అలా అంటున్నవాళ్ల మార్కులు నాకు తెలుసు కదా, వాళ్లకి వచ్చిన నష్టమేమీ లేదు. క్లూగర్, డెనిసీ అనే పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద, అంటే చేసిన పని ఎలా ఉందో చెప్పడం మీద, వచ్చిన పరిశోధనలని కలిపి లెక్క చూస్తే మూడో వంతుకి పైగా సందర్భాల్లో అది పనితీరుని దిగజార్చింది. దృష్టి పని మీద నుంచి ‘నేనెలాంటివాణ్ణి’ అన్న దాని మీదికి మళ్లినప్పుడు ఫీడ్‌బ్యాక్‌కి బలం తగ్గుతుందని వాళ్ల వివరణ. ఇంకొకటి, 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసింది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. ఆసక్తి నిలబడిందీ, పని మెరుగుపడిందీ వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లలో. రెండూ ఇచ్చినా మార్కులు మాత్రమే ఇచ్చినట్టే అయింది, అంకె కనబడ్డాక పక్కన రాసింది ఎవరు చదువుతారు!

వాళ్లు చిన్నపిల్లలు, మీరు డిగ్రీవాళ్లు, అది నిజమే. పోటీ వల్ల అస్సలు లాభం లేదనీ నేననను, మొదటి వరసలో ఉన్న నలుగురికి ఉంటుందేమో. బోర్డు చూసి కసి పుట్టేది వాళ్లకే. అట్టడుగున పేరున్న అబ్బాయి మర్నాడు క్లాసుకి రాడు, ఆ తర్వాత వారం కూడా రాడు, అక్కడితో వాడికి సబ్జెక్టే పోతుంది. అందుకే ఈసారి పేపర్లు ముందు ఇచ్చాను, ఎక్కడ పోయిందో పక్కన రాసి, అంకె వేయకుండా. మార్కులు తర్వాత ఎవరివి వాళ్లకే పంపాను. విసుక్కున్నారు, తెలుసు. మీ పేపర్ మీరు చూసుకోవడం మాత్రం నేను చేసే ఉపకారమేమీ కాదు. సమాచార హక్కు కింద దిద్దిన తన జవాబు పత్రం చూసుకునే హక్కు పరీక్ష రాసినవాడికి ఉందని సుప్రీంకోర్టు 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పేసింది. తన పేపర్ అంది, పక్కవాడిది కాదు.

అడిషనల్ షీట్లా? వాల్యుయేషన్‌కి కూర్చునేవాడిగా చెబుతున్నాను, దారం కట్టిన ఆ లావు చూసి మార్కు వేసే తీరిక ఎవరికీ ఉండదు. మూడో పేజీ నుంచి మొదటి పేజీయే మళ్లీ మొదలవుతుంది, అది మాకు కనబడుతుంది. మధ్యలో ‘మా నాన్న కౌలు రైతు, దయచేసి పాస్ చేయండి’ అని రాసేవాళ్లూ ఉంటారు, చదివితే మనసు చివుక్కుమంటుంది, దానికి మార్కు వేయడానికి మాత్రం గడి లేదు. మనిషి అవసరాల్ని మెట్లుగా పేర్చిన మాస్లో పిరమిడ్ అడిగితే ఐదు మెట్లూ వరసగా, ఒక్కోదానికి మన ఊళ్లో కనబడే ఉదాహరణ ఒకటి. పేజీన్నర చాలు.

‘టీచర్లు మీకు చెప్పనివి’ అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. మర్చిపోవడం మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో అచ్చేశాడు. అది మీ సిలబస్‌లోనే ఉంది, దాన్ని బట్టి చదువు ఎలా విడదీసుకోవాలో అదే చాప్టర్ చివర ఉంది, ఇంపార్టెంట్ కాదని మీరు వదిలేసిన భాగమే అది. ఇంపార్టెంట్స్ అంటే గుర్తొచ్చింది, సెమిస్టర్‌కి ఏం చదవాలి సార్ అని అడుగుతున్నారు కదా, ప్రతి యూనిట్‌కీ ప్రశ్నలు రాసి డిపార్ట్‌మెంట్ బయట అంటిస్తున్నాను. పేపర్లో ఇవే వస్తాయని కాదు, పేపర్ సెట్ చేసేది నేను కాదు. జవాబులు కూడా పెట్టండి సార్ అని మాత్రం అడగొద్దు, పెట్టను. నోట్స్ మూసి రాసి తీసుకురండి, మధ్యాహ్నం క్లాసులయ్యాక కూర్చుని దిద్దుతాను, రాజోలు బస్సు పట్టుకోవాల్సినవాళ్లు ముందు రండి.