మొదటి సిగరెట్‌ను రక్తం అందించదు

పద్నాలుగేళ్ల కుర్రాడు సిగరెట్‌తోనో బీరు సీసాతోనో పట్టుబడితే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట "తండ్రి పోలికే వచ్చింది" అన్నది. తాత తాగాడు, తండ్రి తాగుతున్నాడు, వీడూ తాగక మానడని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు. జన్యువుల గురించి వస్తున్న కథనాలు ఈ పాత నమ్మకానికి శాస్త్రం ముద్ర వేశాయని చాలామంది అనుకుంటున్నారు. ఆ శాస్త్రాన్ని శ్రద్ధగా చదివితే తేలేది వేరు. ఆ వయసులో మత్తును నోటిదాకా తెచ్చేది ప్రధానంగా పరిసరాలే.

ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులన్నీ ఉమ్మడి, రెండు అండాల కవలలకు సగటున సగమే. ఈ రెండు రకాల జంటల్లో అలవాట్లు ఎంతవరకు కలుస్తున్నాయో పోల్చితే పుట్టుక వాటా, పెంపకం వాటా అంచనాకు అందుతాయి. అమెరికాలోని వర్జీనియాలో సుమారు 1,800 మంది మగ కవలలను పరిశీలించి కెన్నెత్ కెండ్లర్ బృందం 2008లో ప్రచురించిన ఫలితం ప్రకారం, తొలి కౌమారంలో మద్యం, పొగాకు, గంజాయి వాడకాన్ని నడిపించేది ప్రధానంగా కవలలిద్దరూ పంచుకునే ఇంటి వాతావరణం, దాని చుట్టూ ఉన్న సమాజం. వయసు పెరిగేకొద్దీ ఆ పట్టు సడలి, జన్యువుల ప్రభావం బలపడుతుంది. కాబట్టి పదమూడేళ్ల పిల్లవాడి రక్తాన్ని నిందించేవారు, ఆ రక్తానికి ఇంకా అంత బలం రాని వయసులో నిందిస్తున్నారు.

ఫిన్లాండ్ కవలలపై డేనియెల్ డిక్ తదితరులు 2007లో వెలువరించిన అధ్యయనం నాకు అంతకంటే విలువైనదిగా తోస్తుంది. పిల్లలు ఎక్కడున్నారో, ఎవరితో తిరుగుతున్నారో తల్లిదండ్రులకు తెలిసిన ఇళ్లలో, పద్నాలుగేళ్ల వారి పొగ అలవాటుపై జన్యువుల ప్రభావం తగ్గింది. పట్టించుకోని ఇళ్లలో పెరిగింది. వంశపారంపర్యమంటే తలరాత అనుకునేవారు ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి.

ముదిరిన మద్య వ్యసనంలో జన్యువుల వాటా దాదాపు సగమన్నది నిజమే. తాగుబోతు ఇంట పుట్టిన బిడ్డకు ముప్పు ఎక్కువన్నదీ కాదనలేం. అయితే అలాంటి బిడ్డకు మొదటి సీసా అందకుండా చూడవలసిన బాధ్యత అందువల్ల రెట్టింపవుతుందే గాని తగ్గదు.

మా వీధి చివర, బడి గేటుకు ఎదురుగా ఒక పాన్ డబ్బా ఉంది. గుంజకు కట్టిన కొబ్బరి తాడు కొసన నిప్పు రోజంతా రాజుకుంటూ ఉంటుంది. సాయంత్రం బడి వదిలాక యూనిఫాం పిల్లలు చాక్లెట్లు కొనేదీ, పెద్దలు విడి సిగరెట్ ముట్టించుకునేదీ ఆ ఒక్క బల్ల దగ్గరే. నాన్న పంపితే వచ్చి సిగరెట్లు కొనుక్కెళ్లే పిల్లలనూ చూశాను. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మరాదని, 18 ఏళ్లలోపు వారికి అసలే అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. పిల్లలకు మద్యం, పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు జైలు అని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఊళ్లలో బెల్టు షాపు గడప తొక్కే పిల్లవాడికి ఈ రెండు చట్టాలూ ఎక్కడా ఎదురుపడవు.

ఐస్‌లాండ్‌లో 15, 16 ఏళ్ల వారిలో గడచిన నెలలో మత్తెక్కేదాకా తాగినవారు 1998లో 42 శాతం, 2016 నాటికి 5 శాతం. పద్దెనిమిదేళ్లలో ఒక జాతి జన్యువులు మారవు. అక్కడ మారినవి సాయంత్రాలు. ఆటలకు, సంగీతానికి ప్రభుత్వం డబ్బు పెట్టింది, రాజధాని రేక్యావిక్‌లో ఆ ఖర్చుల కోసం ప్రతి పిల్లవాడి పేరిట ఏటా కొంత మొత్తం కేటాయించారు, రాత్రిళ్లు పిల్లలు వీధుల్లో తిరగకుండా తల్లిదండ్రులే కలిసి కాపలా తిరిగారు.

మన పిల్లలకు సాయంత్రమే లేదు. అపార్ట్‌మెంట్ అంతస్తుల్లో నడిచే జూనియర్ కాలేజీలో పదహారేళ్ల పిల్లవాడి రోజు తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తోనే ముగుస్తుంది. బంతి తన్నడానికి అడుగు నేల ఉండదు. పరుగెత్తి చెమటతో దించుకోవలసిన ఒత్తిడిని ఆ పిల్లవాడు ఎక్కడ దించుకోవాలి? మైదానం లేని చోట తరగతులు నడవడానికి అనుమతిస్తున్న ప్రభుత్వాలకు ఈ ప్రశ్న ఎందుకు తట్టదు? గుర్తింపు రెన్యూవల్‌కు తనిఖీకి వచ్చే అధికారి మొదట మైదానం కొలవాలి, తరువాత అదే టేపుతో గేటు నుంచి పాన్ డబ్బా దాకా కొలిచి, లెక్క రాసి, సంతకం చేయాలి.