మే 4, రాత్రి ఎనిమిదింటికి

ఈసారి ఇక్కడ నెదర్లాండ్స్‌లో మన తెలుగువాళ్ళ ఉగాది మే 4న జరిగింది. హాలు దొరక్క పండగ నెల ఆలస్యంగా జరగడం మనకి కొత్తా ఏమిటి? దాంతో నాకు పేచీ లేదు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళ కోసం ఈ దేశమంతా ఎనిమిదింటికి రెండు నిమిషాలు ఆగిపోయే రోజది. ట్రాములు కూడా కదలవు. మన హాల్లో మాత్రం డీజే మోత. హాలు చూసుకునే పెద్దాయన తలుపు దగ్గరికొచ్చి, తాళాలగుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి పట్టుకుని, తల వంచుకు నిలబడ్డాడు. కాసేపటికి వెళ్ళిపోయాడు. పాట నచ్చినట్టుందే అన్నాడు నా పక్కాయన!

వాళ్ళ యుద్ధంతో మనకేం పని అని కమిటీలో ఒకరన్నారు. కొంత నిజమే, మన ఉగాది ఎప్పుడో వాళ్ళకి తెలుసా? కానీ ఇక్కడి వెస్టర్‌బోర్క్ క్యాంపు సంగతి విన్నాక ఆ మాట అనగలరా? 1939లో ఆ క్యాంపు కట్టించింది డచ్ ప్రభుత్వమే, జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకు పారిపోయి వచ్చిన యూదుల కోసం. ఖర్చు మాత్రం ఇక్కడి యూదుల నెత్తినే వేసింది. 1942 జూలైలో అది ఈ దేశాన్ని ఆక్రమించిన జర్మన్ల చేతికి పోయింది. సోమవారం రాత్రి బ్యారక్‌లో పేర్లు చదివేవారు, మంగళవారం పొద్దున పోలండ్‌లో జర్మన్లు మనుషుల్ని చంపడానికి పెట్టిన ఆష్విట్జ్, సోబిబోర్ లాంటి క్యాంపులకి రైలు. అలా పోయినవాళ్ళు దాదాపు 1,07,000 మంది, తిరిగొచ్చింది 5,000. ఆ క్యాంపులోనే బడి, ఆసుపత్రి, నాటకాల స్టేజీ కూడా ఉండేవి. కమాండెంట్ గెమెకర్ ముందు వరసలో కూర్చుని ప్రదర్శనలు చూసేవాడు. రైళ్ళు నడిపిన డచ్ రైల్వే మనం రోజూ ఆఫీసుకెక్కేదే. 2005లో గానీ క్షమాపణ చెప్పలేదు.

ఇల్లు మారితే ఐదు రోజుల్లో గెమీంటెకి, అంటే మునిసిపాలిటీకి, పరిగెత్తే మనకి ఇంకోటి కూడా తెలియాలి. యూదులు ఏ ఇంట్లో ఉన్నారో తెలిసింది ఆ గెమీంటె రిజిస్టర్ల వల్లే. మతం కూడా రాసి ఉండేది వాటిలో.

మహాలయ పక్షంలో మా నాన్న తనవాళ్ళందరికీ తర్పణాలు వదిలాక, ‘యేషాం న మాతా న పితా’ అంటూ దిక్కులేని వాళ్ళకీ నీళ్ళొదిలేవాడు. వాళ్ళు ఏ ఊరివాళ్ళని అడిగేవాడు కాదు. ఇళ్ళకి ఇళ్ళే తుడిచిపెట్టుకుపోయినవాళ్ళకి రెండు నిమిషాలివ్వడానికి మనకి కొత్త ఆచారమేం అక్కర్లేదు.

వచ్చే ఏడూ మే 4 తప్ప హాలు లేదంటారా, తీసుకోండి. ఎనిమిదికి ఐదు నిమిషాల ముందు డీజేని ఆపి, ఎందుకో పిల్లలకి తెలుగులోనే చెప్పండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం క్యూకెన్‌హాఫ్ తోటలో ట్యూలిప్పులకి ఏటా వేసే బస్సుల్లో ఒక్కటి వెస్టర్‌బోర్క్‌కి వేయండి. పులిహోర పొట్లాల సంగతి నాకొదిలేయండి.