అండమాన్ అంటే ఒక్క జైలేనా?

అండమాన్ శిక్షా స్థావరం చరిత్రనంతా తెచ్చి సెల్యులార్ జైలులో పెట్టేశాం. ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. ద్వీపాంతరవాసం పడ్డ తొలి 200 మంది ఖైదీలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది 1858 మార్చిలో. మధ్యలోని 38 ఏళ్లు అడవి నరికింది, రోడ్లు వేసింది, రాస్, వైపర్ దీవుల్లో భవనాలు లేపింది ఆ ఖైదీలే. ఆఖరికి సెల్యులార్ జైలు ఇటుకలు మోసింది కూడా వాళ్లే.

స్వాతంత్ర్య యోధుల పుణ్యస్థలిలో దొంగలను, హంతకులను తలచుకోవడం ఏమిటన్న అభ్యంతరం ఉంది. 1933 నిరాహార దీక్షలో ముగ్గురు ప్రాణాలు విడిచిన చోటు కాబట్టి ఆ బాధ అర్థమయ్యేదే. కానీ యోధుడెవరు, నేరస్థుడెవరు అని తేల్చింది బ్రిటిష్ కోర్టు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరకు ఆ కోర్టు అండమాన్ శిక్ష వేసింది. 1952లో విశాఖ ఓటర్లు ఆయన్ను లోక్‌సభకు పంపారు. ఆ పాత తీర్పుల గీత పట్టుకుని ఎవరిని స్మరించాలో మనమెందుకు నిర్ణయించుకోవాలి? చిల్లర దొంగతనాలకు ఓడెక్కించిన ఖైదీల 11 స్థలాలకు ఆస్ట్రేలియా 2010లో యునెస్కో గుర్తింపు తెచ్చుకుంది. సెల్యులార్ జైలు 2014 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలోనే ఉంది.

ఈ లోగా రాస్ దీవిలో (2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి) గోడలు పోతున్నాయి. మర్రి, రావి జాతి వేళ్లు ఇటుకల సందుల్లోకి దిగాయి. వాటిని ఒక్కసారిగా నరికితే లోపలి వేరు కుళ్లి గోడ మధ్య డొల్ల పడుతుంది, ఒక పెద్ద వాన చాలు కూలడానికి. ముందు గోడకు ఊతం కట్టాలి. తర్వాత కొమ్మలు కొట్టి, వేరును మెల్లగా ఎండబెట్టి, అది ముడుచుకున్న కొద్దీ ఆ ఖాళీలో పలచటి సున్నపు ముద్ద ఎక్కించాలి. అతుకులకు ఒక పాలు గానుగ సున్నం, మూడు పాళ్లు ఇసుక. సిమెంటు అసలు తగలకూడదు. సముద్రపు గాలి తెచ్చే ఉప్పుతేమ సున్నపు అతుకుల్లోంచి బయటికి పోతుంది. అతుకును సిమెంటుతో మూసేస్తే ఆ తేమ ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది. ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి పైపొరను రేకులు రేకులుగా ఊడదీస్తుంది. సిమెంటు గట్టిగా నిలబడుతుంది, ఇటుక పొడై రాలుతుంది. ఊడిన ఆ ఇటుక ఒక ఖైదీ చేతి పని. దాన్ని మళ్లీ ఎవరూ తయారు చేయలేరు.

రాయి కంటే ముందు మాయమైంది పేరు. ఖైదీ మెడలో ఇనుప కమ్మీకి ఒక చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద నంబరు, శిక్ష పడిన తేదీ, విడుదల తేదీ. ప్రమాదకారి అనుకుంటే ఇంగ్లిష్ ‘డి’ అక్షరం. పేరుకు చోటు లేదు. పేర్లు తీర్పు కాగితాల్లో ఉన్నాయి. తెలుగు జిల్లాల నుంచి ఓడెక్కినవాళ్ల తీర్పులు వెతికి, జిల్లాల వారీగా పేర్లు ప్రకటించే పని రెండు తెలుగు రాష్ట్రాల పురాలేఖ శాఖలు వెంటనే మొదలుపెట్టాలి. ఆ కాగితాలకూ చెద పడుతుంది.