లీటరుకు ఉన్న గ్యారంటీ గింజకు ఏది?

మార్చి, ఏప్రిల్ నెలల్లో చీపురుపల్లి వైపు వెళ్తే రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న కనిపిస్తుంది. వాన పడుతుందేమోనని రైతుకు ఒక టెన్షన్, వ్యాపారి ఏ రేటు చెబుతాడోనని ఇంకో టెన్షన్. అదే గింజ డిస్టిలరీకి చేరి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌గా మారిందా, లీటరుకు 71 రూపాయల 86 పైసలు. ఆయిల్ కంపెనీలు కొనే ధర అది, ముందే ఖాయం.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు జరిపారు. ఆ ఊపులోనే మొక్కజొన్నకు గిరాకీ వచ్చింది. సంతోషమే. కానీ లెక్క చూడండి. క్వింటాల్ గింజల నుంచి సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది, అంటే 2,700 రూపాయలపైనే. మిగిలిన పిప్పిని దాణాగా అమ్ముకోవచ్చు. ప్లాంటుకు ఖర్చులుంటాయి, కాదనను. 2025-26కు మద్దతు ధర 2,400. ఆ ధరకే కొనాలని డిస్టిలరీని కట్టడి చేసే చట్టం మాత్రం లేదు. కళ్లంలో రేటు పడిపోయినా ఇథనాల్ రేటు పడదు. మధ్యలో మిగిలిన డబ్బు ఎవరిది?

చెరకు రైతుకైతే 1966 నాటి నియంత్రణ ఉత్తర్వు ఉంది. కేంద్రం ప్రకటించిన ధరకు తగ్గకుండా, 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు కట్టాలి. ఆ చెరకు నుంచీ ఇథనాలే తీస్తున్నారు. మరి మొక్కజొన్న రైతు చేసిన పాపమేమిటి?

తిండిగింజలను ట్యాంకులో పోస్తారా అని కొందరంటారు. దాణా ఖరీదు పెరుగుతుందని కోళ్ల రైతుల భయం, అది నిజమైన భయమే. అయితే ఆ భారమంతా మా రైతే మోయాలా?

అసలు చట్టం ఉన్న చెరకుకైనా ఇక్కడ ఏం మిగిలింది? ఆమదాలవలస, భీమసింగి సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఫ్యాక్టరీయే లేనప్పుడు ఉత్తర్వు ఎవరి మీద అమలవుతుంది? ఉత్తరాంధ్ర కథ ఎప్పుడూ ఇంతే. పంట లారీ ఎక్కిపోతుంది, దాని వెనకే కుర్రాళ్లు రైలెక్కుతారు. విలువ పెరిగే పనంతా ఇంకెక్కడో జరుగుతుంది. ఇథనాల్‌కు రాయితీలిచ్చే ప్రభుత్వం గింజ పండే మండలాల్లోనే ప్లాంట్లు పెట్టించాలి. మద్దతు ధరకు కొన్నట్టు రైతు ఇచ్చిన రసీదును డిస్టిలరీ చూపితేనే ఆయిల్ కంపెనీ బిల్లు చెల్లించాలి. వచ్చే రబీ గింజ రోడ్డెక్కేలోపే ఈ షరతు ఇథనాల్ కొనే టెండర్‌లో చేరాలి.