మామ పాట, నా కవరు

మా మేనమామ ఒక జానపద పాట తీశాడు. పేరు ‘పాడెదమే’. బతుకమ్మకు ముందే యూట్యూబ్‌లో వదలాలని అందరిలాగే ఆయనకూ తొందర. రాసినాయనకు, డ్యాన్సు పిల్లలకు, ఆఖరికి డ్రోను తెచ్చినవాడికీ డబ్బులిచ్చాడు. ఫొటోలు, పోస్టరు, కవరు మాత్రం నాకు అప్పజెప్పాడు. ‘అల్లుడున్నడు కదా’ అనే మాట మా చుట్టాల్లో ఎక్కడైనా చెల్లే చెక్కు.

ఫొటోలకు ఖిలా వరంగల్ వెళ్లాం. కీర్తితోరణం ముందు స్టాండు దించగానే పర్మిషన్ కాగితం అడిగారు. లేదు. చేత్తోనే తీశాను. పొద్దుటి సూర్యుడు సరిగ్గా మామ తల వెనక నిలబడ్డాడు. మామ కళ్లు సగం మూతపడ్డాయి, ముఖం మీద ఎక్కడలేని ప్రశాంతత. తంగేడు ఇంకా పూయలేదని అత్తమ్మ బంతిపూలతోనే బతుకమ్మ పేర్చి, మిగిలిన దండ మామ మెడలో వేసింది. అప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

థంబ్‌నెయిల్‌లో, అంటే యూట్యూబ్‌లో పాట నొక్కకముందు కనిపించే బొమ్మలో, తన పేరు కింద కుడి మూలన వేయమన్నాడు మామ. అక్కడ యూట్యూబ్ పాట నిడివిని నల్ల డబ్బాలో చూపిస్తుంది, పేరు దాని కింద పోతుంది అంటే వినడు. ‘ఆ డబ్బ తీసెయ్యమని చెప్పు వానికి’ అన్నాడు.

తర్వాత సీడీ అన్నాడు. మా చుట్టాల్లో ఒక్కరింట్లో కూడా సీడీ ప్లేయర్ లేదు. కానీ ఆవిష్కరణకు లీడరు వస్తున్నాడు, ఆయన లింకును పైకెత్తి చూపించలేడు కదా. కాబట్టి 50 సీడీలు, 50 కవర్లు.

ఇన్నాళ్లూ థంబ్‌నెయిల్ కొలత 1280కి 720 పిక్సెళ్లు తప్ప వేరే కొలత ఎరగనివాణ్ని. కవరు అంటే మధ్యలో మడత ఉంటుందని తెలుసు, మడత పెడితే ఏమవుతుందో ఆలోచించలేదు. సినిమా పోస్టరులా ఉండాలని పాట పేరు రెండు సగాల మీదా పరిచాను. ఎడమ సగంలో మామ, కుడి సగంలో బతుకమ్మ ఆడే పిల్లలు.

ప్రెస్సువాణ్ని ప్రూఫ్ పంపమంటే ‘నమ్మకం లేదా అన్నా’ అన్నాడు. రాత్రి పదింటికి ఫోన్ చేసి భోజనాల గురించి ఏదో అడిగాడు. ఫంక్షన్ సంగతేమో అనుకుని ‘అవన్నీ మామ చూసుకుంటడు, నువ్వు కొట్టెయ్’ అన్నాను.

కట్టలు నేరుగా ఫంక్షన్‌కే వచ్చాయి. స్టేజీ మీద పదముగ్గురు. అందరి చేతుల్లో కవర్లు. మామ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, తన ఫొటో కెమెరా వైపు ఉండేలా కవరు తిప్పి పెట్టాడు. పదమూడు కవర్లూ తిప్పాడు. కింద నుంచి చూస్తే పదమూడు మంది మామలు: తల వెనక వెలుగు, అరమోడ్పు కళ్లు, మెడలో బంతిపూల దండ. పైన ఎర్రటి అక్షరాల్లో ‘పాడె’. ‘దమే’ మడత అవతల పిల్లలతో బతుకమ్మ ఆడుతోంది. అంచు ఖాళీగా ఉంటే బాగుండదని ప్రెస్సువాడు చుట్టూ పూల బార్డరు వేశాడు. కింద అటొకటి ఇటొకటి దీపాలు కూడా. దీపాలకు చార్జీ లేదట.

లీడరు ఒకసారి కవరును, ఒకసారి పక్కన నవ్వుతూ నిలబడ్డ మామను చూశాడు. ఎన్ని ఊళ్లు తిరిగిన మనిషి, ఏమీ అనలేదు. సీడీ పైకెత్తి రెండు నిమిషాలు మాట్లాడాడు. అందులో ‘ఆయన సేవలు మరువలేనివి’ అనే ముక్క ఒకటి దొర్లింది.

గంటలో ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. మామకు 15 వేలు బాకీ ఉన్న చుట్టం అందరికంటే ముందు ‘ఓం శాంతి’ పెట్టాడు. జమ్మికుంట నుంచి వచ్చిన ఫోను మామే ఎత్తాడు. ‘నేనే మాట్లాడుతున్న’ అంటే అవతలివాళ్లు పెట్టేశారు. అత్తమ్మ వాళ్లక్క పరకాలలో ఏడుస్తూ బస్సెక్కి, హనుమకొండలో దిగి, గేటు దగ్గర మామను చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది.

నేను బండి తీసుకుని ప్రెస్సుకు పోయాను. ‘అరే, ఇది పాట కవరు. చూస్తే నీకు డౌటన్న రాలేదా?’

‘ఎందుకు రాలేదన్నా, వచ్చింది’ అన్నాడు కట్టలు సర్దుతూ. ‘కార్డుల తేదీ లేదు, భోజనాలు ఎక్కడో లేదు. అందుకేగా రాత్రి ఫోన్ చేసి అడిగిన. మామ చూసుకుంటడని నువ్వే అన్నవ్.’